ఇటలీ ఉత్తరాల కట్ట: కొనడం దగ్గర్నుంచి జవాబులు వెతకడం దాకా ఒక ప్రాజెక్టు డైరీ

గత శతాబ్దం మొదటి సగంలో ఇటలీ రచయితలు, చిత్రకారులు చేత్తో రాసుకున్న ఉత్తరాలను సేకరించాలి. వాటి తేదీలు తేల్చి, చదివి, ఒక్కోదానికి జవాబు ఎక్కడుందో కనిపెట్టాలి. పని ఇదీ. నేనుండేది బొలోన్యాలో. ఉద్యోగం వేరు, ఇది సాయంత్రాల పని. మొత్తం ఖర్చు 600 యూరోలు దాటకూడదని ముందే గిరి గీసుకున్నాను. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ఏ మెట్టు దగ్గర జారుతుందో తెలియాలని ఇది రాస్తున్నాను.

దశ 1: పరిధి

"ఇరవయ్యో శతాబ్దం ఇటలీ" అనే పరిధి పెట్టుకుంటే పని సాగలేదు. పేర్లు వేలల్లో ఉంటాయి, ఒకరికొకరికి సంబంధం ఉండదు. అందుకే ఫ్లోరెన్సు నుంచి వచ్చిన రెండు పత్రికల చుట్టూ తిరిగిన మనుషులకే కుదించాను. ఒకటి 'లా వోచె' (1908–1916). రెండోది 'లచెర్బా', ఇది 1913 జనవరి 1న మొదలై 1915 మే 22న ఆగిపోయింది.

ఈ గుంపును ఎంచుకోవడానికి కారణం, ఇందులో కలం పట్టినవాళ్లు, కుంచె పట్టినవాళ్లు కలిసే ఉంటారు. అర్దెంగో సోఫ్ఫీచి రెండూ చేశాడు. జొవాన్ని పపీని, జుసెప్పె ప్రెజ్జొలీని పత్రికలు నడిపారు. మిలాన్ నుంచి కార్లో కర్రా, ఉంబెర్తో బొచ్చోని, పారిస్ నుంచి జీనో సెవెరీని వీళ్లకు రాస్తుండేవారు. పపీని, సోఫ్ఫీచి ఒకరికొకరు రాసుకున్నవి నాలుగు సంపుటాలుగా అచ్చయ్యాయి కూడా. కాబట్టి చేతికొచ్చిన కాగితంలో ఏదైనా పేరో సంఘటనో కనిపిస్తే సరిచూసుకోవడానికి ఆధారం ఉంటుంది.

పెద్ద పేర్ల ఉత్తరాలు నా జేబుకు అందేవి కావు. నేను వెతికింది వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లను: పత్రికలకు బొమ్మలు వేసినవాళ్లు, రెండు పద్యాలు అచ్చయి ఆగిపోయిన కవులు, ప్రెస్సు నడిపినవాళ్లు.

పెట్టుకున్న నియమాలు:

1. సంతకం చూసి కొనకూడదు, లోపలి విషయం చూసి కొనాలి.
2. కవరుతో ఉన్నదానికే మొదటి ప్రాధాన్యం.
3. ఒకే మనిషి దస్తూరీలో కనీసం మూడు ఉత్తరాలు దొరికేలా చూడాలి. ఒక్కటే ఉంటే దస్తూరీ అర్థం కాదు.
4. గ్రంథాలయం ముద్ర గానీ, మూలన పెన్సిల్‌తో రాసిన జాబితా నంబరు గానీ కనిపిస్తే ముట్టుకోకూడదు.
5. కట్టతో పాటు వచ్చిన ఏ కాగితాన్నీ పారేయకూడదు.

ఐదో నియమం వెనక ఒక కథ ఉంది. 1913 చివర్లో డినో కంపానా అనే కవి తన కవితల చేతిప్రతిని పపీనికి, సోఫ్ఫీచికి ఇచ్చాడు. వాళ్ల దగ్గర అది కనిపించకుండా పోయింది. అతను పుస్తకం మొత్తం మళ్లీ కూర్చి 1914లో మర్రాదిలో అచ్చు వేయించుకున్నాడు. పోయిందనుకున్న ఆ మొదటి ప్రతి 1971లో సోఫ్ఫీచి ఇంటి కాగితాల్లో దొరికింది. అప్పటికి కంపానా చనిపోయి 39 ఏళ్లు, సోఫ్ఫీచి చనిపోయి ఏడేళ్లు. పారేయకుండా ఉంచారు కాబట్టే దొరికింది.

దశ 2: కొనుగోలు

మూడు దారులు ప్రయత్నించాను: సంతలు, వేలంపాటలు, ఆన్‌లైన్.

సంతల్లో నాకు దగ్గరిది బొలోన్యాలోని శాంతో స్తెఫానో చౌకులో జరిగేది. అరెజ్జోలో 1968 నుంచి నెలనెలా పాత వస్తువుల సంత జరుగుతోంది, ప్రతి నెలా మొదటి ఆదివారం, దాని ముందు శనివారం. తూరిన్‌లో గ్రాన్ బలోన్ రెండో ఆదివారం. అక్కడ ఉత్తరాలు విడిగా అమ్మరు. కార్డు ముక్కల డబ్బాల్లో, పాత బిల్లుల మధ్య కలిసిపోయి ఉంటాయి. పొద్దున్నే వెళ్తే స్టాంపులవాళ్లు డబ్బాలు తిరగేస్తూ కనిపిస్తారు. మనకు పోటీ వాళ్లే. వాళ్లకు కావాల్సింది కవరు, సంతకాలు సేకరించేవాళ్లకు కావాల్సింది కాగితం. ఈ రెండు వ్యాపారాల మధ్య పడి ఉత్తరం రెండుగా విడిపోతుంది, దాంతో పాటు తేదీ పోతుంది. ఆ నష్టం ఎంతో ఆరో దశలో తెలిసొచ్చింది.

వేలంపాటలో పలికిన ధర వేరు, కట్టే ధర వేరు. కొనుగోలుదారు కమీషను, దాని మీద పన్ను, పోస్టు ఖర్చు కలిస్తే 60కి పాడిన ఉత్తరం ఇంటికొచ్చేసరికి 80 దాటింది. ఈ దారి వదిలేశాను.

ఆన్‌లైన్‌లో ఫొటో ఎప్పుడూ సంతకం మీదే ఉంటుంది. డబ్బు కట్టేముందు ఇవి అడగాలి:

1. కాగితం వెనక వైపు ఫొటో.
2. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తీసిన ఫొటో, నీటిముద్ర కోసం.
3. మడతల దగ్గర దగ్గరి ఫొటో.
4. ఎవరి ఇంటి నుంచి వచ్చిందో రాతపూర్వకంగా ఒక్క వాక్యం.

నాలుగోది అడిగితే కొందరు జవాబివ్వడం మానేస్తారు. మానేయనివ్వండి. 2012లో నేపుల్స్‌లోని గిరోలామిని గ్రంథాలయం నుంచి పాత పుస్తకాలు పెద్ద ఎత్తున దోపిడీ అయిన సంగతి బయటపడింది. శిక్ష పడినవాళ్లలో ఆ గ్రంథాలయ అధిపతి కూడా ఉన్నాడు. అలాంటి దేశంలో కొంటున్నాం. సాంస్కృతిక వారసత్వ రక్షణ కోసం ఇటలీ కారబినియేరి పోలీసులకు 1969 నుంచి ఒక ప్రత్యేక విభాగం ఉంది. దొంగిలించిన వస్తువుల జాబితాను ఆన్‌లైన్‌లో వెతకనిస్తారు. కొనే ముందు ఒకసారి అక్కడ చూడటం అలవాటు చేసుకున్నాను.

విడివిడిగా తొమ్మిది ఉత్తరాలు కొన్నాక ఈ పద్ధతి పనికిరాదని తేలింది. తొమ్మిది ఉత్తరాలు, తొమ్మిది దస్తూరీలు, ఒకదానితో ఒకటి మాట్లాడవు. ఎవరో ఎవరికో "నువ్వు చెప్పిన సంగతి చేస్తాను" అని రాశాడు. ఆ సంగతి ఏమిటో ఎవరికి తెలుసు? అందుకే దారి మార్చి, పెద్దగా పేరు రాని ఒక చిత్రకారుడు ఒకే స్నేహితుడికి రాసిన కట్టను మొత్తంగా కొన్నాను. అందులో 19 ఉత్తరాలు, 12 కార్డు ముక్కలు. స్నేహితుడు పత్రికలకు వ్యాసాలు రాసేవాడు. ఇద్దరి వారసులూ బతికే ఉండవచ్చు కాబట్టి పేర్లు ఇక్కడ రాయను.

*ఇప్పటిదాకా: విడి ఉత్తరాలు 9 (270 యూరోలు), కట్టలోవి 31 (140 యూరోలు). మొత్తం 40, ఖర్చు 410.*

దశ 3: అసలువేనా?

కావాల్సిన పనిముట్లు మూడే: 30 రెట్ల భూతద్దం, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, మామూలు బల్లదీపం.

1. చీకటి గదిలో టార్చి వేయాలి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు వాడటం 1950 ప్రాంతంలో మొదలైంది. 1914 నాటిదని చెప్పే కాగితం నీలంగా, తెల్లగా వెలిగిపోతే ఇంకో పరీక్ష అక్కర్లేదు.
2. భూతద్దంతో గీతల అంచులు చూడాలి. చుక్కలు చుక్కలుగా ఉంటే అది అచ్చు బొమ్మ.
3. దీపాన్ని బల్ల ఎత్తుకు దించి వెలుగు పక్కనుంచి పడేలా పెట్టాలి. ఉక్కు పాళీ నొక్కిన చోట కాగితం కాస్త లోపలికి దిగి ఉంటుంది.
4. బాల్‌పెన్ను గీత కనిపిస్తే రెండో ప్రపంచయుద్ధానికి ముందుది కాదు.

ఒక ఉత్తరం మొదటి పరీక్షలోనే పోయింది. అమ్మినవాడు గొడవ చేయకుండా 45 యూరోలు తిరిగిచ్చాడు. రెండోది ఇబ్బంది పెట్టింది. కాగితం మెరవలేదు, చుక్కలు లేవు, సిరా రంగు సహజంగానే ఉంది. కానీ పక్కవెలుగులో పాళీ నొక్కుడు ఎక్కడా కనిపించలేదు, గీత గీత దాటే చోట సిరా చిక్కబడలేదు. కొలోటైప్ అనే పాత అచ్చు పద్ధతిలో చుక్కలు పడవు. ఇది ఏదో పాత పుస్తకంలోంచి విడదీసిన నకలు. అమ్మినవాడికే తెలియదేమో అనిపించింది. సంతలో కొన్నది కాబట్టి డబ్బు రాలేదు. దాన్ని పోల్చి చూడటానికి నమూనాగా ఉంచుకున్నాను, లెక్కలోంచి తీసేశాను.

*ఇప్పటిదాకా: 38 (ఉత్తరాలు 26, కార్డు ముక్కలు 12). ఖర్చు 365.*

దశ 4: సిరా, పెన్సిలు, పెట్టె

అన్నిటికన్నా ఎక్కువ చదవాల్సి వచ్చింది ఈ దశలోనే. అప్పట్లో వాడిన సిరాల్లో ఎక్కువ రకం ఇనుప లవణం, ఓక్ చెట్టు మాచికాయల వగరు కలిపి చేసింది. రాసినప్పుడు పాలిపోయి ఉండి, గాలి తగిలాక నల్లబడి, దశాబ్దాలకు గోధుమరంగుకు తిరుగుతుంది. పాళ్లు సరిగ్గా కుదరకపోతే మిగిలిన ఇనుము, ఆమ్లం కాగితాన్ని తినేస్తాయి. గీత చుట్టూ గోధుమరంగు వలయం కనిపిస్తే తినడం మొదలైనట్టే. దీనికి బాథోఫెనాంథ్రొలీన్ పరీక్ష కాగితాలు దొరుకుతాయి. కొద్దిగా తడిపి సిరా మీద ఆనిస్తే, కదిలే ఇనుము ఉంటే గులాబీరంగు వస్తుంది. నేను పరీక్షించిన ఆరింటిలో నాలుగు గులాబీ తిరిగాయి. ఆ నాలుగింటికీ ఆవిరి పట్టడం, తడిపి మడత తీయడం బంద్. తేమ తగిలితే ఆమ్లం పక్కకు పాకుతుంది.

దానికన్నా ప్రమాదం యుద్ధకాలపు కార్డు ముక్కలది. సైనికులకు స్టాంపు అక్కర్లేని కార్డులిచ్చేవారు. మీద "సెన్సారు సరిచూసింది" అనే ముద్ర ఉంటుంది. వాటి మీద రాసింది చాలావరకు కాపీయింగ్ పెన్సిలుతో. చూడటానికి మామూలు బూడిదరంగు పెన్సిలు గీతే. లోపల అనిలీన్ రంగు ఉంటుంది. ఒక్క నీటి చుక్క పడితే చుట్టూ ఊదారంగు అలుముకుంటుంది, ఇక వెనక్కి రాదు. కట్టలోని కార్డుల్లో ఒకటి నా చేతికి రాకముందే ఎవరో తుడిచారు, మధ్యలో మూడు వరుసలు ఊదా మరకైపోయాయి. అందుకే ఇప్పుడు పెన్సిలు రాత దేన్నైనా కాపీయింగ్ పెన్సిలనే లెక్కేస్తాను.

కవర్లలో పెట్టడంలో రెండు మార్పులు జరిగాయి.

అమ్మినవాళ్లు పెట్టిచ్చిన పీవీసీ సంచులు ముందే తీసేశాను. వాటిలోంచి మెత్తదనం కోసం కలిపిన నూనెలు, ఆమ్లం బయటికి వస్తాయి. ఒకచోట సిరా అప్పటికే ప్లాస్టిక్‌కు అంటుకుంది. బదులుగా పాలియెస్టర్ సంచులు తెచ్చాను. సిరా ఉత్తరాలకు అవి బాగానే కుదిరాయి. పెన్సిలు గీతలకు, బొగ్గు బొమ్మలకు కుదరలేదు. పాలియెస్టర్‌కు స్థిరవిద్యుత్తు ఎక్కువ. ఒక ఉత్తరం అడుగున చిత్రకారుడు గీసిన బొగ్గు కుర్చీ బొమ్మలోంచి పొడి లేచి సంచికి అంటుకుంది. అప్పట్నుంచి సిరావి పాలియెస్టర్‌లో, పెన్సిలువీ బొగ్గువీ ఆమ్లం లేని కాగితపు నాలుగు రెక్కల మడతలో ఉంటున్నాయి.

తుప్పు పట్టిన గుండుసూదులను లాగకూడదు. సూదికీ కాగితానికీ మధ్య రెండు వైపులా సన్నటి పాలియెస్టర్ ముక్కలు దూర్చి, సూదిని వాటి మీద జరిపి తీయాలి. మడతలు తీయడానికి తడి వాడకుండా అద్దుడు కాగితాల మధ్య పెట్టి పైన బరువుంచాను. వారానికి ఒంపు 9 మిల్లీమీటర్ల నుంచి 3కి దిగింది. అక్కడ ఆపేశాను. పూర్తిగా చదునైతే చూడటానికి బాగుంటుంది గానీ, మడత గుర్తు పోతుంది. మడత గుర్తుతో ఏం పనో తర్వాత వస్తుంది.

తేమ కొలిచే చిన్న మీటరు కొన్నాను. దాన్ని నమ్మేముందు ఉప్పు పరీక్ష చేయాలి:

1. సీసా మూతలో ఉప్పు పోసి, తడిసి ముద్దయ్యేంత నీళ్లు కలపాలి. కరిగిపోకూడదు.
2. మూతను, మీటరును ఒకే జిప్ సంచిలో పెట్టి మూయాలి. ఒకదానికొకటి తగలకూడదు.
3. ఒక రాత్రి ఉంచితే 75 శాతం చూపించాలి.

నాది 68 చూపించింది. కాబట్టి అది చెప్పినదానికి 7 కలుపుకుంటున్నాను. కలుపుకుంటే వేసవిలో నా అల్మారా తేమ 63. కాగితానికి 40 నుంచి 50 మధ్య ఉంటే మంచిది. బయటి గోడ నుంచి లోపలి గోడకు పెట్టె మార్చాక 54కి వచ్చింది. ప్రస్తుతానికి అంతే.

*ఇప్పటిదాకా: సంచులు, మడతలు, పెట్టె, టార్చి, భూతద్దం, మీటరు, పరీక్ష కాగితాలు కలిపి 118. మొత్తం ఖర్చు 483.*

దశ 5: స్కానింగ్

సెకండ్‌హ్యాండ్ ఫ్లాట్‌బెడ్ స్కానరు, 60 యూరోలు. ఏ5 సైజు ఒక వైపును 600 డీపీఐ రంగుల్లో తీస్తే ఫైలు సుమారు 52 ఎంబీ, 400లో తీస్తే 23. చదవడానికి 400 చాలు. పెన్సిలు రాతకు మాత్రం 600 వాడాను. పలచటి కాగితం వెనక నల్ల అట్ట పెడితే రెండోవైపు రాత ఇవతలికి కనిపించడం బాగా తగ్గుతుంది. ఖాళీగా ఉన్న వైపు కూడా స్కాన్ చేయాలి. ఫైలు పేరు తేదీతో పెడితే తేదీ మారినప్పుడల్లా పేరు మార్చాల్సి వస్తుంది, వరుస సంఖ్యే మేలు.

*ఇప్పటిదాకా: 38 వస్తువులు, 94 వైపులు. ఖర్చు 543.*

దశ 6: ఇది ఏనాటి ఉత్తరం?

38లో పూర్తి తేదీ ఉన్నవి 17. మిగిలినవాటిలో "గురువారం సాయంత్రం", "20, గురువారం" లాంటివే. రోజూ రాసుకునేవాళ్లకు ఏడాది వేయాల్సిన అవసరం ఏముంది? మనకే కావాలి.

తేదీ ఉన్నట్టు కనిపించేవాటిలోనూ రెండు ఉచ్చులున్నాయి.

మొదటిది నెలల కురచ రాత. అంకె 8 వేసి పక్కన 'బ్రె' అని ఉంటే అది ఎనిమిదో నెల కాదు. ఇటాలియన్‌లో ఎనిమిది 'ఒత్తో', 'బ్రె' కలిస్తే 'ఒత్తోబ్రె', అంటే అక్టోబరు. 7 సెప్టెంబరు, 9 నవంబరు, రోమన్ 10 డిసెంబరు. అమ్మకపు జాబితాలో ఆగస్టు అని రాసిన ఉత్తరం ఒకటి ఇలాగే అక్టోబరుదని తేలింది.

రెండోది ఫాసిస్టు సంవత్సరం. 1920ల చివరి నుంచి తేదీ పక్కన రోమన్ అంకె ఒకటి వచ్చి చేరుతుంది. అది 1922 అక్టోబరు చివర్లో ఫాసిస్టులు రోముపై చేసిన దండయాత్ర నుంచి లెక్క. కొత్త సంవత్సరం జనవరిలో కాదు, అక్టోబరు 29న మొదలవుతుంది. అంటే "మే, 12" అని ఉంటే 1934. "నవంబరు, 12" అని ఉంటే 1933. 1922కి 12 కలిపితే అన్నీ 1934 అయిపోతాయి, నవంబరు, డిసెంబరు ఉత్తరాలు ఏడాది ముందుకు జరిగిపోతాయి.

స్టాంపు కూడా సాయం చేస్తుంది. దేశం లోపల మామూలు ఉత్తరానికి 1905 సెప్టెంబరు నుంచి 15 చెంతెసిమీలు (నూరు కలిస్తే ఒక లీరా). 1916 మొదట్లో 20 అయింది. 1930ల్లో 50. కవరు లేకపోయినా కొన్నిసార్లు ఉత్తరాన్నే మడిచి దాని మీదే స్టాంపు అంటించేవారు.

ఫ్యూచరిజం అనే కళా ఉద్యమాన్ని మొదలుపెట్టిన కవి మరినెట్టి, అతని మనుషుల ఉత్తరాలైతే కాగితం పైన అచ్చయిన చిరునామా కూడా గడియారమే. మిలాన్ కోర్సో వెనేజియా 61 అని ఉంటే ఒక కాలం, రోము పియజ్జా అద్రియానా 30 అని ఉంటే 1925 తర్వాత. కాకపోతే పాత కాగితాలు మిగిలితే ఆ తర్వాతా వాడేవారు. కాబట్టి చిరునామా "దీనికి ముందుది కాదు" అని మాత్రమే చెప్పగలదు.

కట్టలో ఒక ఉత్తరం మీద "20, గురువారం" అని ఉంది. ఇలా తేల్చాను:

1. మడత మీద సగం చిరిగిన 15 చెంతెసిమీల స్టాంపు. కాబట్టి 1905–1915.
2. లోపల 'లచెర్బా' పేరు ఉంది. కాబట్టి 1913, 1914, 1915.
3. ఆ మూడేళ్లలో 20వ తేదీ గురువారం పడిన నెలలు: 1913 ఫిబ్రవరి, మార్చి, నవంబరు, 1914 ఆగస్టు, 1915 మే.
4. యుద్ధం ఊసే లేదు. 1914 ఆగస్టులో, 1915 మేలో యుద్ధం మాట ఎత్తకుండా ఉత్తరం రాయడం ఆ గుంపులో కుదరదు. ఆ రెండూ పక్కకు.
5. "చౌకట్లు ఇంకా రాలేదు, గోడలు ఖాళీగా ఉన్నాయి" అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. 'లచెర్బా' తరఫున ఫ్యూచరిస్టు చిత్రాల ప్రదర్శన ఫ్లోరెన్సు గొన్నెల్లి గ్యాలరీలో 1913 నవంబరు 30న మొదలైంది.

కాబట్టి 1913 నవంబరు 20. పెన్సిలుతో "అనుమానంగా" అని పక్కన రాసుకున్నాను. ఐదో మెట్టు నా ఊహ. మొదటి నాలుగు గట్టివి.

విడిపోయిన కవర్లను కలపడానికి మడతలు కొలిచాను. 21 × 13.5 సెంటీమీటర్ల కాగితాన్ని అడ్డంగా ఒకసారి మడిస్తే 10.5 × 13.5 వస్తుంది. కట్టలో 11 × 14 ఖాళీ కవర్లు మూడున్నాయి. ఒక కవరు లోపలి వైపు ఒక ఉత్తరం సిరా అద్దుకుని, తిరగేసిన గుర్తు పడి ఉంది. అద్దంలో చూస్తే చివరి వరుసతో సరిపోయింది. రెండు కవర్లకు ఉత్తరాలు ఇలా దొరికాయి. మూడోదానికి దొరకలేదు.

*ఇప్పటిదాకా: తేదీ తేలినవి 31 (అనుమానం ఉన్నవి వాటిలో 9), తేలనివి 7.*

దశ 7: చదవడం

మన పాత ఉత్తరాల్లో 'ఉభయకుశలోపరి' కనిపిస్తే ఆ దస్తూరీలో సగం అక్షరాలు పట్టుబడ్డట్టే. ఇక్కడా పిలుపు, ముగింపు మాటలు అలాంటి పట్టు ఇస్తాయి. వాటిలోంచి అక్షరాలు కత్తిరించి ఒక పట్టిక చేసుకున్నాను. ఈ చిత్రకారుడి చేతిలో ఎన్, యు, వి మూడూ ఒకేలా ఉంటాయి.

మడిచిన కాగితంలో పుటల వరుస కూడా చూసుకోవాలి. కొందరు 1, 2, 3, 4 అని రాయరు. ముందు 1, తర్వాత కాగితం విప్పకుండా తిప్పి 4, ఆ తర్వాతే లోపలి రెండు. చోటు చాలకపోతే మొదటి పుట అంచు మీద నిలువుగా. అర్థం తెగినట్టు అనిపిస్తే ముందు వరుస మార్చి చదవాలి.

ట్రాన్‌స్క్రిబస్ అనే దస్తూరీ గుర్తింపు సాధనం వాడాను. దొరికిన ఇటాలియన్ నమూనాతో వంద అక్షరాలకు 21 తప్పులు వచ్చాయి. తొమ్మిది విడి దస్తూరీల్లో మిగిలిన ఏడింటి మీద ఇంకా ఘోరం. అదే కట్టలోని 19 ఉత్తరాల్లో కొన్నింటిని చేత్తో ఎక్కించి, సుమారు 5,000 మాటలతో ఆ ఒక్క చేతికే నేర్పిస్తే తప్పులు 9కి దిగాయి. ఆ 9 కూడా సమానంగా పడవు. "శుభాకాంక్షలు", "కౌగిలింతలు" తప్పు చదవదు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు చదువుతుంది. మనకు కావాల్సిందేమో అవే. అందుకని పేర్లన్నీ చేత్తోనే సరిచూసి విడి జాబితా రాసుకున్నాను.

*ఇప్పటిదాకా: 94 వైపుల్లో పూర్తిగా చదివినవి 71.*

దశ 8: జవాబు ఎక్కడ?

ఈ దశకొచ్చాక సేకరణ మీద నా ఆలోచనే మారింది. ఒక మనిషి ఇంట్లో మిగిలేవి అతనికి వచ్చిన ఉత్తరాలు. అతను రాసినవి ఇతరుల ఇళ్లలో ఉంటాయి. ఇద్దరూ పోయాక రెండు ఇళ్ల కాగితాలూ రెండు దార్లు పడతాయి. ఎంత డబ్బు పోసినా సంతలో కొనగలిగేది ఒక్క వైపే.

పపీని కాగితాలు ఫియెజోలెలోని ప్రీమో కొంతి ఫౌండేషన్‌లో ఉన్నాయి. ప్రెజ్జొలీనివి స్విట్జర్లాండు లుగానో ప్రాంతీయ గ్రంథాలయంలో. అంటే ఆ స్నేహితుల మాటలు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నాయి. అల్దో పలజ్జెస్కివి ఫ్లోరెన్సు విశ్వవిద్యాలయంలో. మరినెట్టివి సముద్రం దాటి యేల్ విశ్వవిద్యాలయం బైనెకీ గ్రంథాలయంలో, కొన్ని లాస్ ఏంజెలిస్ గెట్టిలో. ఫ్యూచరిస్టు చిత్రకారుల కాగితాలకు రొవెరెతోలోని మార్త్ మ్యూజియం పెద్ద చోటు. ఫ్లోరెన్సు వ్యెస్సూ సంస్థ తన సమకాలీన ఆర్కైవును 1975లో మొదలుపెట్టింది. పావియా విశ్వవిద్యాలయంలో మరియా కోర్తి కూడబెట్టిన చేతిప్రతుల కేంద్రం ఉంది.

వెతికే వరుస:

1. జవాబు అందుకున్నవాడి పేరు, అంటే మన చేతిలోని ఉత్తరం రాసినవాడిది. జవాబు పంపినవాడిది కాదు.
2. ఆ పేరును సియూసాలో వెతకాలి. ప్రభుత్వ ఆర్కైవుల బయట ఉన్న కాగితాల జాతీయ జాబితా అది. గ్రంథాలయాల్లోని చేతిరాతలకు మానుస్ ఆన్‌లైన్.
3. దొరికితే పూర్తి జాబితా అడగాలి. అందులో ఉత్తరాల సంఖ్య, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం అనేవి ఉంటాయి.
4. మన ఉత్తరం తేదీకి అటూ ఇటూ పది రోజులు పెట్టి మెయిల్ రాయాలి. "అన్నీ పంపండి" అంటే జవాబు రాదు.
5. వెళ్లేటప్పుడు మామూలు పెన్సిలు తీసుకెళ్లాలి. చదివే గదిలో పెన్ను పట్టనివ్వరు.

నాలుగో మెట్టు పనిచేయాలంటే ఆరో దశ పూర్తయి ఉండాలి. తేదీ తేలని ఏడింటికి జవాబు వెతకడానికి దారే లేదు.

కట్టలోని చిత్రకారుడికి వచ్చిన ఉత్తరాలు ఒక ఆర్కైవులో జాబితా అయి ఉన్నాయి. అక్కడ ఐదు ఉత్తరాలు నా కట్టలోని ఐదింటికి సూటిగా సరిపోయాయి. నవంబరు 20 ఉత్తరానికి జవాబు వాటిలో ఉంది. చౌకట్ల సంగతి అందులో వచ్చింది, నా ఐదో మెట్టు నిలబడింది, "అనుమానంగా" చెరిపేశాను. నకళ్లకు 32 యూరోలు కట్టాను.

*ఇప్పటిదాకా: ఉత్తరం, జవాబు రెండూ దొరికిన జంటలు 5. తేలినవాటిలో అనుమానం 8. ఖర్చు 575.*

దశ 9: చట్టం

ఇవి రెండు ప్రశ్నలు.

మొదటిది, ఇండియాకు తీసుకెళ్లొచ్చా? ఎప్పటికైనా విజయవాడ తిరిగెళ్తే పెట్టె వెంట వస్తుందనుకున్నాను. అంత తేలిక కాదు. 2004 నాటి 42వ శాసనం ప్రకారం రాసినవాడు చనిపోయి, కాగితానికి 70 ఏళ్లు దాటితే దేశం దాటించడానికి అనుమతి కావాలి. 13,500 యూరోల లోపు వస్తువులకు 2017లో సడలింపు ఇచ్చారు గానీ చేతిరాతలు, ఆర్కైవులు అందులో లేవు. ఐదు యూరోల కార్డు ముక్కకూ అదే దారి. కాగితాన్ని ఎగుమతి కార్యాలయంలో చూపించాలి, 40 రోజుల్లో తేల్చాలి. కాదంటే ఊరికే కాదనరు, దాన్ని దేశ సాంస్కృతిక సంపదగా ప్రకటించే విచారణ మొదలవుతుంది. యూరప్ బయటికైతే 50 ఏళ్లు దాటిన చేతిరాతలకు యూరోపియన్ లైసెన్సు కూడా. అరెజ్జోలో పదహారో శతాబ్దపు చిత్రకారుడు, రచయిత వసారి కాగితాలు ఉన్నాయి, మైకెలాంజెలో అతనికి రాసినవి వాటిలోనే. 2009లో ఒక రష్యా కంపెనీ 150 మిలియన్ యూరోలకు కొంటోందని వార్త వచ్చి పెద్ద గొడవైంది. యజమానులు ఎవరైనా ఆ కాగితాలు వసారి ఇంట్లోనే ఉండాలనే ఆంక్ష అప్పటికే ఉంది. నా పెట్టెకు అంత సీను లేదు గానీ, చట్టం ఒకటే.

రెండోది, స్కాన్లు బయట పెట్టొచ్చా? కాపీరైటు రచయిత చనిపోయాక 70 ఏళ్లు. మరినెట్టిది 2014 చివర్లో ముగిసింది. పపీనిది 2026 చివర్లో ముగుస్తుంది. సోఫ్ఫీచికి 2034 చివరిదాకా, ప్రెజ్జొలీనికి 2052 చివరిదాకా ఉంది. కాపీరైటు కాక ఇంకో అడ్డుంది. 1941 నాటి 633వ చట్టం 93వ నిబంధన ప్రకారం ఆంతరంగిక ఉత్తరాలను బయటపెట్టడానికి రాసినవాడి సమ్మతి, అందుకున్నవాడి సమ్మతి రెండూ కావాలి. వాళ్లు లేకపోతే భార్య లేక భర్త, పిల్లలు, వాళ్లూ లేకపోతే వరుసగా దగ్గరి బంధువులు. కాగితం నాదే, అందులోని మాట నాది కాదు. అందుకే స్కాన్లు ఎక్కడా పెట్టలేదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎక్కడి నుంచి అనే నాలుగు గడుల పట్టిక మాత్రం తయారుచేశాను, పంచుకోబోయేది దాన్నే.

ఇప్పుడు నడుస్తున్న పని

మిగిలిన 25 యూరోలతో కొత్తవి కొనడం లేదు. జవాబులున్న ఆర్కైవుకే ఈ 31 కాగితాల కట్ట ఇచ్చేస్తానని మెయిల్ రాశాను. వాళ్లు సుముఖంగానే ఉన్నారు. అడిగినవి మూడు: వస్తువారీ జాబితా, కొన్నట్టు రుజువు, అమ్మినవాడికి ఎక్కడి నుంచి వచ్చాయో ఒక కాగితం. జాబితా సిద్ధం. కట్ట సంతలో కొన్నది, చేతిలో ఉన్నది చిన్న చీటీ, దాని మీద తేదీ, 140 అనే అంకె తప్ప ఏమీ లేదు. సంతలోనైనా వస్తువు పేరు, సంఖ్య రాయించి సంతకం తీసుకోండి, అక్కడికక్కడే అయితే ఎవరూ కాదనరు. వచ్చే సంతలో ఆ పెద్దాయన బల్ల దగ్గరికి టైపు చేసిన కాగితం పట్టుకెళ్తున్నాను. ఏ ఇల్లు ఖాళీ చేసినప్పుడు దొరికాయో రాసిస్తానని ఫోన్లో అన్నాడు. అదే ఇంటి నుంచి వచ్చిన ఇంకో డబ్బా తన గిడ్డంగిలో ఉందని కూడా అన్నాడు, దాన్ని విడగొట్టి స్టాంపులవాళ్లకు అమ్మొద్దని చెప్పి ఉంచాను.